మంజూరు పత్రానికీ తాళంచెవికీ నడుమ

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రెండింటిలో పెళ్లి సంగతి అనుభవజ్ఞులకు విడిచిపెట్టి, ఇంటి సంగతిని మాత్రం ఈ వ్యాసంలో ముచ్చటించదలచాను. అందులోనూ స్థలం ఎంపిక, వాస్తు, సిమెంటు, ఇనుము మొదలైన వాటి జోలికి పోను. గృహఋణం మంజూరైనదని బ్యాంకు నుంచి పత్రం అందిన రోజుకూ, రిజిస్ట్రేషను ముగిసి తాళంచెవి చేతికి వచ్చిన రోజుకూ నడుమ ఉండే ఆ రెండు మూడు నెలల కాలమే నా విషయం. ఆ కొద్ది కాలంలో మన సహోద్యోగులు చేసే ఒకే ఒక పొరపాటు గురించి నాలుగు మాటలు వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. జీతాల విభాగంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి, గృహఋణాల నిమిత్తం వందలాది వేతన ధ్రువపత్రాలపై సంతకం చేసినవాడిని గనుక, ఆ పొరపాటు ఎలా జరుగుతుందో దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది.

ఆ పొరపాటు ఇది: ఋణం మంజూరైనది కదా అన్న ధీమాతో, సొమ్ము ఇంకా చేతికి రాకముందే మరొక వస్తువును వాయిదాల మీద కొనడం.

ఒక మిత్రుని అనుభవంతో ప్రారంభిస్తాను. ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను; పేరు మాత్రం వ్రాయవద్దన్నారు. మూడేళ్ల క్రితం ఆయన 60 లక్షల రూపాయలకు ఒక ఫ్లాటు మాట్లాడుకున్నారు. 3 లక్షలు బయానా ఇచ్చి, అరవై రోజులలో రిజిస్ట్రేషను పూర్తి చేసుకునేలా విక్రయ ఒప్పందం వ్రాసుకున్నారు. గడువులోగా మిగిలిన సొమ్ము చెల్లించకపోతే బయానా తిరిగి రాదన్న షరతు అందులో ఉన్నది. అటువంటి షరతు లేని ఒప్పందం ఈ రోజులలో అరుదు. బ్యాంకు 48 లక్షలు మంజూరు చేసింది. మిగిలిన 12 లక్షలూ, రిజిస్ట్రేషను ఖర్చుల నిమిత్తం మరో నాలుగున్నర లక్షలూ ఆయన ముందుగానే సమకూర్చుకున్నారు. లెక్క అంతా సరిగ్గా సరిపోయింది. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉన్నారు.

అంతలో దసరా వచ్చింది. కొత్త ఇంటికి కారు నిలుపుకునే చోటు ఉన్నది. కారు మాత్రం లేదు. పండుగ రాయితీలు పది రోజులే ఉంటాయని దుకాణదారు చెప్పాడు. ఆయన 6 లక్షల ఋణంతో కారు తీసుకున్నారు. ఐదేళ్ల గడువు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, నెలకు సుమారు 12,600 రూపాయల వాయిదా. విజయదశమి నాడు కారుకు పూజ చేయించి, మా విభాగం అందరికీ మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. గృహఋణం సొమ్ము ఇంకా విడుదల కాలేదన్న సంగతి ఆ సమయంలో నాకూ తట్టలేదు. ఈ మాట ఒప్పుకొనకపోతే ఈ వ్యాసం వ్రాసే అర్హత నాకు లేదు.

రిజిస్ట్రేషనుకు ఎనిమిది రోజుల ముందు బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. సొమ్ము విడుదల చేసే ముందు వారు ఆయన ఋణ చరిత్రను మరొకసారి తెప్పించి చూశారు. మంజూరు నాటికి లేని కారు అప్పు అందులో కనిపించింది. లెక్క మళ్లీ వేస్తే 48 లక్షలు కాస్తా 36 లక్షలకు దిగింది.

లెక్క ఎలా మారింది?

6 లక్షల అప్పు చేస్తే గృహఋణం 12 లక్షలు తగ్గడం ఏమిటని ఆయన ఆ రోజు నా బల్ల ముందు కూర్చుని వాపోయారు. ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే మిగిలిన వ్యాసం అంతా దానంతట అదే బోధపడుతుంది గనుక కొంచెం ఓపికగా చూద్దాం.

ఋణమిచ్చే సంస్థ మన మొత్తం అప్పు ఎంత అన్నదానికంటె, నెలనెలా మనం కట్టవలసిన వాయిదాలు జీతంలో ఎంత భాగం అన్నదాన్నే ముఖ్యంగా చూస్తుంది. ఈ హద్దు సంస్థను బట్టి, జీతాన్ని బట్టి మారుతుంది. లెక్క సౌలభ్యం కోసం సగం అనుకుందాం. మిత్రుని విషయంలో చేతికి వచ్చే జీతం 90,000 రూపాయలు. అందులో సగం 45,000. తొమ్మిది శాతం వడ్డీపై ఇరవై సంవత్సరాల గృహఋణానికి ప్రతి లక్షకూ నెలకు దాదాపు 900 రూపాయల వాయిదా పడుతుంది. అంటే 45,000 రూపాయల వాయిదా మీద 50 లక్షల వరకు ఋణం పొందవచ్చును. ఆయన అడిగినది 48 లక్షలే గనుక చిక్కు లేదు.

ఇప్పుడు ఆ 45,000లో నుంచి కారు వాయిదా 12,600 తీసివేయండి. 32,400 మిగిలింది. దీనిని 900తో భాగిస్తే 36 లక్షలు. కిటుకంతా ఇక్కడే ఉన్నది. కారు అప్పును ఐదేళ్లలో తీర్చాలి గనుక లక్షకు నెలకు 2,100 రూపాయలు కట్టాలి. ఇంటి అప్పుకు ఇరవై ఏళ్ల గడువు గనుక లక్షకు 900 చాలు. అనగా కారు మీద తీసుకున్న ప్రతి లక్షా ఇంటి మీద రెండు లక్షల ముప్పైమూడు వేలను మింగుతుంది. వాయిదా కాలం ఎంత తక్కువైతే ఈ మింగుడు అంత పెద్దది. 36,000 రూపాయల టెలివిజనును పన్నెండు నెలల వాయిదాలపై తెచ్చుకున్నారనుకోండి. నెలకు 3,000. ఇంటి లెక్కలో అది 3 లక్షల 33 వేల ఋణానికి సమానం! కొన్ని సంస్థలు ఇక నాలుగైదు వాయిదాలలో తీరిపోయే అప్పును లెక్కలోనికి తీసుకొనవు. కాని కొత్తగా తెచ్చుకున్న వస్తువుకు అన్ని వాయిదాలూ ముందే ఉంటాయి కదా.

మంజూరు పత్రం ఇచ్చిన తరువాత బ్యాంకు మాట మార్చవచ్చునా అని కొందరు అడుగుతారు. ఆ పత్రాన్ని తీసి చివరి పుట దాకా చదవండి. పత్రం చెల్లుబాటుకు ఒక గడువు ఉంటుంది. దరఖాస్తుదారుని ఆర్థిక పరిస్థితిలో మార్పు వస్తే ఋణ మొత్తాన్ని తగ్గించడానికీ, మంజూరును రద్దు చేయడానికీ సంస్థకు అధికారం ఉన్నట్లు సాధారణంగా అందులోనే వ్రాసి ఉంటుంది. కొత్త అప్పు చేసినట్లయితే తెలియజేయవలసిన బాధ్యత మనదేనని కూడా ఉంటుంది. చిన్న అక్షరాలలో ఉన్నందువల్ల దాని బలం తగ్గదు. మంజూరు అన్నది, చెప్పిన పరిస్థితులు చెప్పినట్లే నిలిచి ఉంటే సొమ్ము ఇస్తామన్న మాట. సొమ్ము చేతికి వచ్చేంత వరకు న్యాయవాది అభిప్రాయం, ఆస్తి విలువ కట్టడం, ఋణ ఒప్పందం, హక్కు పత్రాల దాఖలు అని ఇంకా ఎన్నో మెట్లు ఉంటాయి. వాటిలో ఏ మెట్టు మీదనైనా మన ఖాతాను మరొకసారి తెరచి చూడవచ్చును.

"బ్యాంకుకు ఎలా తెలుస్తుందండీ?"

"కారు వాయిదా జీతంలో కోత పడడం లేదు. వేరే బ్యాంకు ఖాతా నుంచి పోతున్నది. వీరికి ఎలా తెలుస్తుందండీ?" ఇది ఇప్పటికీ నేను తరచుగా వినే ప్రశ్న.

నేను ఉద్యోగంలో చేరిన 1990ల తొలి సంవత్సరాలలో ఈ ప్రశ్నకు అర్థం ఉండేది. ఆనాడు అప్పిచ్చే వారికి ఉన్న ఆధారం మేము ఇచ్చే వేతన ధ్రువపత్రమే. అందులో సొసైటీ అప్పు, భవిష్యనిధి నుంచి తీసుకున్న అడ్వాన్సు, స్కూటరు అడ్వాన్సు, పండుగ అడ్వాన్సు వివరంగా వ్రాసేవాళ్లం. బయట చేసిన అప్పు బయటనే ఉండిపోయేది. బ్యాంకు మేనేజరు కూడా చాలావరకు మన ఊరివాడో, మన కాలనీలో అద్దెకున్నవాడో అయి ఉండేవాడు. ఆయన నాలుగు చోట్ల విచారించి తెలుసుకున్నదే ఋణ చరిత్ర.

2000 సంవత్సరంలో సిబిల్ సంస్థ ఏర్పడింది. 2005లో ఋణ సమాచార సంస్థల చట్టం వచ్చింది. నేడు ఈ దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు భారతీయ రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేస్తున్నాయి. మనం ఏ బ్యాంకు వద్ద అప్పు తీసుకున్నా, ఏ ఆర్థిక సంస్థ వద్ద వస్తువు కొన్నా ఆ వివరం ఈ సంస్థలకు చేరుతుంది. ఖాతాలు వేరువేరైనా పాన్ నంబరు ఒకటే కదా. ఆ నంబరు కింద మన వాయిదాలన్నీ ఒక్క పుటలోకి వచ్చి చేరతాయి. ఒకప్పుడు ఈ వివరాలు నెలకొకసారి పంపేవారు. 2025 జనవరి 1 నుంచి పక్షానికొకసారి, వీలైతే అంతకంటె తక్కువ వ్యవధిలోనూ పంపవలసిందిగా రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందువల్ల ఈ నెల మొదటి వారంలో తెచ్చుకున్న రిఫ్రిజిరేటరు నెలాఖరుకు జరిగే పరిశీలనలో కనిపించే అవకాశం మునుపటికంటె ఎక్కువ.

ఫోనులోనే అప్పిచ్చే యాప్‌లనూ, "ఇప్పుడు కొనండి, తరువాత చెల్లించండి" అనే పద్ధతులనూ యువ సహోద్యోగులు అప్పుగా భావించడం లేదు. రెండు వేల రూపాయల చెప్పుల జత కూడా ఆ పద్ధతిలో కొంటున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు వెలువరించిన డిజిటల్ ఋణాల మార్గదర్శకాల ప్రకారం, ఇటువంటి వాయిదా చెల్లింపు ఋణాలను కూడా, అవి ఎంత చిన్నవైనా, ఎంత తక్కువ కాలానివైనా, ఋణ సమాచార సంస్థలకు తెలియజేయవలసిందే. చెప్పుల జత మరచిపోయి ఒక వాయిదా తప్పితే, ఆ తప్పినది కూడా అక్కడ నమోదవుతుంది. ఒక యువ ఇంజనీరు నివేదికలో ఇటువంటివి పదకొండు పద్దులు నేను స్వయంగా చూశాను. వాటిలో నాలుగింటి సంగతి ఆయనకే గుర్తు లేదు.

"వడ్డీ లేని వాయిదాలు కదా" అనే సమాధానం కూడా వింటూ ఉంటాము. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు ఈ విషయమై బ్యాంకులకు వ్రాస్తూ, సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని, వడ్డీని వేరే రుసుముల రూపంలో దాచడం సరి కాదని స్పష్టం చేసింది. ఆ వివాదం ఎలా ఉన్నా, మన విషయానికి వడ్డీ ఉన్నదా లేదా అన్నది అప్రస్తుతం. వడ్డీ లేకపోయినా వాయిదా వాయిదాయే. 3,000 కట్టవలసి ఉన్నదంటే లెక్కలో 3,000 తగ్గుతుంది.

స్కోరు సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో ఇది 300 నుంచి 900 వరకు ఉంటుంది. కొత్త అప్పు కోసం దరఖాస్తు చేసినప్పుడల్లా ఆ సంస్థ మన నివేదికను తెప్పించుకుంటుంది. ఆ విచారణ కూడా నివేదికలో నమోదవుతుంది. కొద్ది రోజులలోనే నాలుగైదు చోట్ల విచారణలు జరిగితే, ఈయన డబ్బుకు ఇబ్బంది పడుతున్నాడేమో అన్న అనుమానానికి తావిస్తుంది, స్కోరు కొంత తగ్గుతుంది. దుకాణంలో ఒకే రిఫ్రిజిరేటరు కోసం మన వివరాలను ఇద్దరు ముగ్గురు ఫైనాన్సు ప్రతినిధులకు పంపడం పరిపాటి. వస్తువు కొనకుండా తిరిగి వచ్చినా విచారణలు మాత్రం నిలిచిపోతాయి. మన నివేదికను మనమే తెప్పించుకుని చూస్తే స్కోరు తగ్గదు. ఈ భయం కొందరిలో అనవసరంగా ఉన్నది.

స్కోరు తగ్గితే ఋణం రాకపోవడం ఒక్కటే నష్టం కాదు. చాలా బ్యాంకులు గృహఋణపు వడ్డీని స్కోరుతో ముడిపెడుతున్నాయి. 40 లక్షల ఋణం ఇరవై ఏళ్లకు ఎనిమిదిన్నర శాతంపై అయితే నెలకు సుమారు 34,710 రూపాయలు. అదే తొమ్మిది శాతమైతే సుమారు 35,990. తేడా నెలకు 1,280 రూపాయలే. కాని 240 నెలలకు అది 3 లక్షలు దాటుతుంది. ఆ సొమ్ముతో ఒక వంటగదిని హాయిగా తీర్చిదిద్దుకోవచ్చును.

జీతపు చీటీలోని అప్పులు

మనవంటి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు బయటి దుకాణాలతో పాటు లోపలి ఆకర్షణలు కూడా ఉన్నాయి. ఉద్యోగుల సహకార పరపతి సంఘం అందులో మొదటిది. దరఖాస్తు ఇచ్చిన వారం రోజులలో సొమ్ము వస్తుంది, ఇద్దరు మిత్రుల హామీ చాలు. ఫ్లాటుకు చాలని రెండు లక్షలను సొసైటీలో తీసుకుందామని చాలామంది అనుకుంటారు. ఆ అప్పు ఋణ సమాచార సంస్థ నివేదికలో కనిపించకపోయినా, మరుసటి నెల జీతపు చీటీలో కోతగా కనిపిస్తుంది. బ్యాంకువారు సాధారణంగా ఇటీవలి జీతపు చీటీలను కోరతారు. మంజూరు నాడు ఇచ్చిన చీటీలో చేతికి వచ్చే జీతం 90,000 ఉండి, విడుదల నాటి చీటీలో 83,500 ఉంటే ప్రశ్న రాక మానదు.

మనవారు బ్యాంకు చూడదని నమ్మే మరొకటి చీటీపాట. పాట పాడుకున్న తరువాత కట్టవలసిన నెలసరి చందా నిస్సందేహంగా బాధ్యతే. బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా పోతూ ఉంటే స్టేటుమెంటులో కనిపిస్తుంది కూడా. పాడుకోని చీటీ పొదుపు వంటిది. గృహఋణం నడుస్తుండగా పాడుకోదలచినవారు దానిని సొంత వాటాకు ఎలా వాడుతున్నదీ ముందే బ్యాంకుకు చెప్పడం ఉత్తమం.

అన్నిటికంటె సున్నితమైనది హామీ సంతకం. మన కార్యాలయాలలో ఒకరికొకరు సంతకం పెట్టుకోవడం స్నేహధర్మంగా సాగుతున్నది. "నాకేమి, ఒక్క సంతకమే కదా" అంటాము. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, హామీదారుని బాధ్యత అసలు ఋణగ్రహీత బాధ్యతతో సమానం. బ్యాంకు ఋణాలకు మనం ఇచ్చిన హామీ మన సొంత నివేదికలో కూడా నమోదవుతుంది. ఋణం తీసుకున్న మిత్రుడు వాయిదాలు తప్పితే ఆ మచ్చ మన పుట మీద పడుతుంది. కనుక సొంత ఇంటి రిజిస్ట్రేషను ముగిసేవరకు "నా ఇంటి లోను నడుస్తున్నది, ఇంకొక మూడు నెలలు ఆగు" అని చెప్పడంలో మొహమాటం అనవసరం. నిజమైన కారణమే గనుక ఎవరూ తప్పు పట్టరు. ఇది వ్రాసినంత సులభం కాదని నాకూ తెలుసు. బావమరిది వచ్చి అడిగితే ఏమి చెప్పాలో ఏ ఆర్థిక నిపుణుడూ వ్రాయలేదు.

మన పిల్లలు, మేనల్లుళ్లు అమెరికాలో ఇళ్లు కొంటున్నారు గనుక అక్కడి సంగతి కూడా ఒక్క మాట. అక్కడ చివరి సంతకాల రోజును క్లోజింగ్ అంటారు. 2015 అక్టోబరు నుంచి అక్కడి నిబంధనల ప్రకారం తుది ఖర్చుల పత్రం ఆ రోజుకు కనీసం మూడు పని దినాల ముందు కొనుగోలుదారునికి అందాలి. దరఖాస్తు తరువాత కొత్త అప్పు ఏదైనా చేశారా అని అక్కడి ఋణ సంస్థలు క్లోజింగుకు ముందు మరొకసారి పరిశీలిస్తాయి. అక్కడి ఇల్లు ఖాళీగా కనిపిస్తున్నదని ఇక్కడి నుంచి మనమే "సోఫా అయినా కొనుక్కోరా" అని తొందరపెట్టకుండా ఉంటే మేలు.

గృహప్రవేశపు ఖర్చులు

కొత్త ఇల్లు కొనేవారికి వస్తువుల మీద మోజు సరిగ్గా ఈ కాలంలోనే ఎందుకు పుడుతుందో ఆలోచించవలసి ఉన్నది. ఇది ఒక్క దుబారా గుణం కాదు. పాత అద్దె ఇంటి మంచం కొత్త పడకగదిలో ఇమడదు. అమ్మవారి పటానికి మంటపం కావాలి. గృహప్రవేశానికి వచ్చే ఆడపడుచులకు చీరలు పెట్టాలి, వంద మందికి భోజనాలు పెట్టాలి. ముహూర్తం మాఘంలో దొరికింది, మళ్లీ వైశాఖం దాకా లేదు అంటారు పురోహితులు. చేతిలో ఉన్న సొమ్మంతా బయానాకూ, రిజిస్ట్రేషనుకూ పోయింది. అప్పుడు క్రెడిట్ కార్డు జ్ఞాపకం వస్తుంది.

కార్డు మీద ఖర్చు చేసి గడువులోగా పూర్తిగా చెల్లించేవారికి మామూలుగా ఇబ్బంది లేదు. కాని రెండు లక్షల పరిమితి గల కార్డులో లక్షా ఎనభై వేలు వాడితే, బిల్లు తయారైన నాటి ఆ మొత్తమే నివేదికలోకి ఎక్కుతుంది. పరిమితిలో ఎక్కువ భాగం వాడినవారి స్కోరు తగ్గుతుంది. మూడో వంతుకు మించకుండా చూసుకోమని నిపుణులు చెబుతారు. ఆ బిల్లును వాయిదాలుగా మార్చుకుంటే అది మరొక నెలసరి భారమే. అక్షయ తృతీయ నాడు నగ కొని దానిపై అప్పు తెచ్చుకోవడం కూడా ఈ కోవలోనిదే.

దీనికి విరుగుడుగా కొందరు మరొక తప్పు చేస్తున్నారు. అప్పులు చెడ్డవని విని, గృహఋణానికి దరఖాస్తు చేసే ముందు పదేళ్లనాటి కార్డును రద్దు చేసుకుంటున్నారు. దానివల్ల మొత్తం పరిమితి తగ్గి, మిగిలిన కార్డులో వాడకపు నిష్పత్తి పెరుగుతుంది. పాత కార్డును అలాగే ఉంచి, వాడకుండా ఊరుకోవడమే సరైనది.

అసలు చేయవలసినదేమంటే, ఫ్లాటు ధర మాట్లాడుకునే నాడే ఇంటి వెలుపలి ఖర్చులను కూడా కాగితం మీద వేసుకోవాలి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం గృహఋణం 30 లక్షల లోపు అయితే ఆస్తి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం వరకే ఇవ్వవచ్చును. పది లక్షలు దాటిన ఇంటి విషయంలో ముద్రాంక సుంకం, రిజిస్ట్రేషను ఖర్చులను ఆ విలువలో కలపరు. తెలుగు రాష్ట్రాలలో ఈ ఖర్చులు విక్రయ దస్తావేజుకు సుమారు ఏడున్నర శాతం. ఇతర రాష్ట్రాల యూనిట్లలో పనిచేసే మిత్రులు అక్కడి రేట్లు కనుక్కొనగలరు. అంటే 60 లక్షల ఫ్లాటుకు 12 లక్షల సొంత వాటాతో పాటు మరో నాలుగున్నర లక్షలు చేతిలో ఉండాలి. దానికి పైన గృహప్రవేశం, సామాను. ఇది కాగితం మీద కనిపించినప్పుడు 60 లక్షల ఫ్లాటు బదులు 54 లక్షల ఫ్లాటు చూద్దామని కొందరికైనా తోస్తుంది. లేదా భవిష్యనిధి నుంచి ఇంటి నిమిత్తం తిరిగి కట్టనవసరం లేని మొత్తాన్ని నియమాలకు లోబడి తీసుకోవచ్చును. అది మన సొమ్మే గనుక వాయిదా ఉండదు. అదే భవిష్యనిధి నుంచి తిరిగి కట్టే అడ్వాన్సు తీసుకుంటే జీతంలో కోత పడుతుందన్న తేడా గమనించాలి.

దరఖాస్తుకు మూడు నెలల ముందే నివేదిక తెప్పించుకుని చూడడం అవసరం. 2017 నుంచి ప్రతి ఋణ సమాచార సంస్థా సంవత్సరానికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తీరిపోయిన అప్పు తీరనట్లు కనిపించినా, మనది కాని అప్పు మన పేరున ఉన్నా వెంటనే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు అందిన ముప్పై రోజులలో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో నిర్ణయించింది; 2024 ఏప్రిల్ నుంచి అది అమలులోకి వచ్చింది. మన నివేదికను ఎవరైనా తెరిచి చూసినప్పుడు ఫోనుకు సందేశం పంపే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. అటువంటి సందేశాన్ని ప్రకటన అనుకుని తీసివేయకండి.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కొనేవారికీ, సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికీ ఈ జాగ్రత్త మరింత కాలం అవసరం. వారికి సొమ్ము ఒక్కసారిగా రాదు. పునాది, కప్పు, గోడలు అంటూ పని సాగినకొద్దీ విడతలుగా వస్తుంది. మొదటి విడత అందింది కదా అని పెద్ద అప్పు చేసి వాయిదాలు తప్పితే తరువాతి విడతకు అడ్డంకి రావచ్చును. సగం కట్టిన ఇల్లు, అద్దె, పనివారి కూలి — ఈ మూడూ ఒకేసారి మీద పడ్డవారి ముఖాలు నేను చూశాను.

మిత్రుని కథలో మిగిలినది

12 లక్షల లోటు ఎనిమిది రోజులలో పూడ్చడం ఆయన వల్ల కాలేదు. బయానా 3 లక్షలూ పోయేలా ఉన్నాయి. చివరకు కారును ఆయన తమ్ముడు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. షోరూము దాటి నలభై రోజులు కాని ఆ కారు విలువ అప్పటికే తగ్గింది. ఫైనాన్సు సంస్థకు ముందస్తు చెల్లింపు రుసుము కట్టి అప్పు తీర్చారు. అప్పట్లో నివేదికలు నెలకొకసారి మారేవి గనుక, తీరిన సంగతి పుట మీదికి ఎక్కేవరకు ఆగే వ్యవధి లేదు. ఆ సంస్థ ఇచ్చిన బకాయి లేదన్న పత్రాన్నీ, చెల్లింపు రసీదునూ తీసుకుని ఆయన స్వయంగా బ్యాంకుకు వెళ్లారు. ఫ్లాటు అమ్మే పెద్దమనిషి మంచివాడు గనుక 50,000 రూపాయలు అదనంగా పుచ్చుకుని మూడు వారాల గడువు ఇచ్చాడు. మొత్తం మీద ఆ దసరా కారు వల్ల ఆయనకు అయిన నష్టం లక్షా నలభై వేల పైచిలుకు. కార్తీకమాసంలో అనుకున్న గృహప్రవేశం ముహూర్తాలు కుదరక మాఘానికి వాయిదా పడింది. నిరుడు ఆయన మళ్లీ కారు కొన్నారు. ఈసారి మిఠాయిలతో పాటు గృహఋణపు పాస్‌బుక్కు కూడా తెచ్చి నాకు చూపించారు.

ఈ వ్యాసం సగం వ్రాసిన రోజున ఒక యువ సహోద్యోగి జీతాల విభాగానికి వచ్చారు. చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి గృహఋణం నిమిత్తం వేతన ధ్రువపత్రం కోసం. రెండవది సొసైటీ అప్పు దరఖాస్తు, మోటారుసైకిలు కోసమట. ధ్రువపత్రం కాగితం తీసుకుని నమోదు చేశాను. రెండవ దానిని ఆయన ముందుకే జరిపి, కుర్చీ చూపించి, పైన వ్రాసిన 900, 2,100 లెక్కను ఒక తెల్లకాగితం మీద వేసి ఇచ్చాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపు చూసి, దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకున్నారు.